మర్యాదకు భంగం కలగకుండా

1938 నవంబరు 14, సోమవారం

నాకు ఉద్యోగం వచ్చింది. అదీ సర్కారు ఉద్యోగం. మిషను బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించి, సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి వాక్యం వినిపించే బైబిలు స్త్రీకి పోలీసుల దగ్గర ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. ఇది చదివేది నేనే గనక అడిగేవాళ్ళు లేరు. మిషను దొరసానమ్మ ఓడెక్కి తన సీమకు పోతూ ఈ అట్టపుస్తకం నా చేతిలో పెట్టి, "కృపమణీ, నీ నోటికి వచ్చేదంతా మనుషులతో అనకు, ఇందులో రాసుకో" అన్నది. ఆమె నన్ను బాగా ఎరుగును.

కడప జిల్లాలో మద్యనిషేధం వచ్చి నెల దాటింది. కర్నూలు జిల్లాకు రాలేదు. అంటే మన పొలిమేర దాటి చాగలమర్రి వైపు నిలబడి తాగితే ఎవడూ అడగడు, అదే మనిషి ఇటు అడుగు పెడితే నేరస్థుడు. దేవుడు కూడా పరలోకానికీ నరకానికీ మధ్య హద్దు ఇంత దగ్గరగా పెట్టలేదు. ఆ హద్దు మీద గేటు కట్టి, అటునుంచి వచ్చే మోటారు బస్సులనూ ఎద్దుల బండ్లనూ ఆపి సోదా చేస్తున్నారు. మగవాళ్ళకు తలపాగా విప్పించి, పంచె దులిపించి పంపేస్తారు. ఆడవాళ్ళ సంగతే చిక్కొచ్చి పడింది. ఆడమనిషిని ఆడమనిషే సోదా చెయ్యాలట, అదీ మర్యాదకు ఏమాత్రం భంగం కలగకుండా. చట్టంలో అట్లానే ఉందని సబిన్‌స్పెక్టరు వెంకోబరావుగారు చదివి వినిపించారు. వినడానికి ఎంత బాగుంది!

ముందు కరణంగారి భార్యను అడిగారట, ఆమె తలుపేసుకుంది. హెడ్మాస్టరు భార్య, మా ఆయన్ను బదిలీ చేసినా సరే అన్నదట. చివరికి మా పాలెం గుర్తొచ్చింది. అన్ని కులాల ఆడవాళ్ళనూ తాకాల్సిన ఉద్యోగం కదా, ఎవరూ తాకని మనిషిని వెదికి తెచ్చుకున్నారు.

మా సంఘం అయ్యగారు దావీదురాజుగారు, "ఇది దేవుడి పిలుపమ్మా" అన్నారు. నాకు నచ్చజెప్పనక్కరలేదు. నా మొగుడు ఏసన్నను సారాయే మింగింది. ఆ సారాయి మీద నన్ను కాపలా పెట్టారు. ఒక్క చుక్క పోనిస్తే చూడు.

నవంబరు 17

మొదటి రోజు. నాకిచ్చిన గది బాగానే ఉంది. నాపబండలు నిలబెట్టి మూడు గోడలు, పైన బోదగడ్డి కప్పు, నాలుగో వైపు గోనెపట్టా తెర. తెర అవతల కానిస్టేబులు తిమ్మయ్య నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపుతాడు.

ఎవరికీ సంగతి అర్థం కాలేదు. ఒక ముసలమ్మ టీకాలు వేస్తున్నారనుకుని లోపలికి వస్తూనే చెయ్యి చాపి, "మెల్లంగా పొడువు తల్లీ" అని కళ్ళు మూసుకుంది. ఇంకొకామె నేను మిషను నర్సునని ఎవరో చెబితే నమ్మి, "కడుపులో ఉండేది ఆడపిల్లనా మొగపిల్లోడా సూసి చెప్పక్కా" అన్నది. ఇంకొకామె గాలికి మందు అడిగింది. ఏమీ లేదమ్మా, సోదా అని చెబితే అందరూ ఒకే మాట. "మా దగ్గర ఏముండాదక్కా సోదా చేసేకి?"

చీరల్లో ఏమున్నాయంటే ఆకు వక్క, పొగాకు, తాయెత్తులు, ఎండుచేప ఒకటి, అత్తకు తెలియకుండా పుట్టింటినుంచి తెచ్చుకుంటున్న చెనక్కాయలు. అత్తలకు చెప్పనులే అన్నాను. అందరితోనూ, "నేనూ ఆడదాన్నే కదమ్మా, సిగ్గెందుకు" అని నవ్వుతూ చెప్పాను. మర్యాదగా పని చెయ్యడం ఎంత తేలికో!

నవంబరు 23

దొరికింది! నడుము చుట్టూ సైకిలు ట్యూబు, నిండా సారాయి, కొసకు బిరడా. నేను సంతోషం పట్టలేక "హల్లెలూయా" అని అరిచాను. పాము వచ్చిందనుకుని తిమ్మయ్య కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చి తెర బయటే ఆగిపోయాడు. మర్యాదస్తుడు.

ఆ ట్యూబు కట్టుకున్న మనిషి నాగక్క అని, బోయ ఆమె. ఏడ్వలేదు, బతిమాలలేదు. "సైకిలు తొక్కేది నేర్చుకుంటాండా" అన్నది. నాకే నవ్వొచ్చింది. ఎస్సైగారు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు.

డిసెంబరు 2

ఈ రోజు బస్సులో రామసుబ్బమ్మగారు దిగారు. ఆమె భర్త పెద్దరెడ్డి మా ఫిర్కా మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు. తిమ్మయ్య భయపడుతూ తెర పక్కకు తీశాడు. ఆమె నన్ను చూసి వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఏమప్పా ఇన్‌స్పెక్టరూ, సోదా చేయి, వొద్దనల్యా. మేం దాచిపెట్టేది ఏముండాది? కానీ ఇది నన్ను ముట్టుకుంటే ఇంటికి పోయి మల్లా తలకు పోసుకోవాల. ఈ చలికి నాకు జొరమొస్తే మీ సర్కారు సూస్తాదా?"

వెంకోబరావుగారికి చెమటలు పట్టాయి. చట్టంలో చలి గురించి ఏమీ రాయలేదు. కాసేపు మీసం దువ్వుకుని, "ఏమమ్మా కృపమణీ, ఈమెలాంటి పెద్దింటివాళ్ళను దృష్టితో సోదా చెయ్యి. కొంచెం దూరంగా నిలబడి చూడు, చాలు" అన్నారు.

"ఎంత దూరం దొరా?" అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను.

"మీవాళ్ళు మామూలుగా నిలబడే దూరమే" అన్నారు.

ఆ దూరం నాకు బాగా తెలుసు గనక వెళ్ళి అక్కడ నిలబడి చూశాను. పట్టుచీర చాలా బాగుంది.

నాకేమీ బాధ లేదు. చట్టం అందరికీ ఒకటే, చెయ్యి పొడవే కాస్త తేడా.

డిసెంబరు 16

రామసుబ్బమ్మగారికి చాగలమర్రిలో బంధుప్రీతి ఎక్కువైంది. వారం వారం పోయి వస్తున్నారు. పోయేటప్పుడు సన్నగా పోయి వచ్చేటప్పుడు లావుగా వస్తారు. అక్కడి నీళ్ళు పడుతున్నట్టున్నాయి. నడుస్తుంటే గళగళమని చప్పుడు. గాజులు అనుకున్నాను. గాజులే అయి ఉంటాయి. దృష్టితో సోదా చేసేవాళ్ళు చెవులతో చెయ్యకూడదు.

డిసెంబరు 20

ఎవరూ దొరకలేదు. స్తోత్రం అనాలో, అయ్యో అనాలో తెలియలేదు.

1939 జనవరి 6

పైనుంచి ఎస్సైగారికి అక్షింతలు పడ్డాయట. జిల్లాలో సారాయి ఏరులై పారుతుంటే మీ గేటులో ఒక్క ట్యూబేనా అని అడిగారట. ఈ ఎండిన సీమలో ఏరు అనేది ఉందంటే అది సారాయి ఏరే, ఆ సంగతి నిజమే.

ఎవడో వేగులవాడు చెప్పాడట, ఆడవాళ్ళు చిన్న సీసాలు ఒంటి లోపలే దాచి తెస్తున్నారని. ఎస్సైగారు నాతో చెప్పేటప్పుడు మొహం అటు తిప్పుకున్నారు. "నీకు తెలుసు కదమ్మా, ఇకమీద అనుమానం ఉన్నవాళ్ళను అంతా చూడాల. అంతా." ఆ మాట అనడానికి ఆయన ఎంత సిగ్గుపడ్డారో! పాపం, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి.

జనవరి 11

చేశాను.

జనవరి 12

నిన్న అంతకంటే రాయబుద్ధి కాలేదు. ఈ రోజు రాస్తాను, లేకపోతే ఈ పుస్తకం ఎందుకు?

ఆమె ఎవరో నాకు తెలియదు, అవుకు వైపునుంచి వచ్చిన కూలి మనిషి. నేను చెప్పింది ముందు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నా మొగుడు కూడా అట్ల సూల్లేదు తల్లీ" అన్నది. ఏమీ దొరకలేదు. పోయేటప్పుడు నాకు దండం పెట్టింది. దండం ఎందుకు పెట్టిందో!

నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు. ఇంకొకరంటే ఎవరు? ఎవరూ ముందుకు రాకనే కదా నన్ను పిలిచారు. సరే, నేను కాకపోతే మగవాళ్ళే చేస్తారు. అది ఘోరం కదా. నేనున్నాను గనకే ఈ ఆడవాళ్ళ మానం దక్కుతోంది. ఇట్లా ఆలోచిస్తే మనసుకు నిమ్మళంగా ఉంది. చేతులు సబ్బుతో కడిగాను. మళ్ళీ కడిగాను.

జనవరి 18

మా పాలెం ఓబులమ్మ బస్సులో వచ్చింది. సోదా చేశాను. ఏమీ లేదు. ఇంటికొచ్చాక సంగటి సహించలేదు. ఒళ్ళు వేడి చేసినట్టుంది.

జనవరి 19

వేడి కాదు.

ఓబులమ్మ నా దగ్గరే అక్షరాలు దిద్దింది. దాని పెళ్ళిలో పాట పాడింది నేనే. దాని మొగుడు ఏసురాజు డోనులో రైల్వే కూలికి పోయి ఉన్నాడు. చాగలమర్రి అవతల తల్లికి జబ్బని చూసి వస్తోంది. ఎవరో చెప్పారట, ఆ పొద్దు బస్సులో పాలెం మనిషి ఒకతె సీసా తెస్తోందని. పాలెం మనిషి అంటే ఇంకేం, ఎస్సైగారు ఓబులమ్మను చూపించారు. అంతా చూడమన్నారు.

"అక్కా, ఈ పొద్దు వొద్దక్కా. బయట చేరినా" అన్నది. నెల నెలా ఆడదానికి వచ్చేదే. మామూలుగా అయితే ఆ మాటకు నేను ఆగేదాన్నే. కానీ తెర అవతలనుంచి తిమ్మయ్య, "అందరూ అదే సాకు చెప్తారు దొరా, ఆ గుడ్డలోనే పెట్టుకోనుంటారు" అన్నాడు. ఎస్సైగారు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే హుకుం.

చూశాను. ఏమీ లేదని చెప్పాను. "నిజంగా లేదా? గుడ్డ ఏదీ?" అని తిమ్మయ్య అడిగాడు. పాలెందాన్ని కాపాడుతున్నానని అనుకుంటారేమో అని నాకు భయమేసింది. ఆ గుడ్డను తెర పక్కనుంచి చేత్తో పట్టి బయటికి చూపించాను. బస్సు దిగిన మగవాళ్ళంతా అక్కడే నిలబడి ఉన్నారు. ఎవరో నవ్వారు. ఎస్సైగారు ఛీ ఛీ అని మొహం తిప్పుకుని, చాలు చాలు అన్నారు.

నేను వెనక్కి తిరిగేసరికి ఓబులమ్మ గోడవైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. అక్కా అని పిలవలేదు. ఏడ్వలేదు కూడా. ఏడ్చినా బాగుండేది. బస్సు ఆమెను వదిలిపెట్టి పోయింది. ఎండలో నడిచి వచ్చిందట ఇంటిదాకా.

దీన్ని ఇక్కడితో ఆపేస్తాను. చట్టప్రకారమే జరిగింది.

జనవరి 22, ఆదివారం

గుడిలో ఆడవాళ్ళ చాప మీద నేను కూర్చున్నాను. నా పక్కన విశ్వాసమ్మ కూర్చునేది ఎప్పుడూ. ఈ రోజు ఆమెకు మోకాళ్ళు నొప్పట, గోడకు ఆనుకుంటానని అటు పోయింది. గిడ్డమ్మకు గాలి కావాలట, కిటికీ దగ్గరికి పోయింది. ఆరాధన అయ్యేసరికి చాపంతా నాకే మిగిలింది. ఇంత విశాలంగా ఎప్పుడూ కూర్చోలేదు.

అయిపోయాక చేతులు కలిపి వందనాలు చెప్పుకోవడం మా వాడుక. నాకు అందరూ దూరంనుంచే, "వందనాలక్కా" అన్నారు. చెయ్యి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఓబులమ్మ రానే లేదు.

ఇన్నాళ్ళూ పెద్దకులాలవాళ్ళు తాకరనే తెలుసు. ఇప్పుడు మావాళ్ళు కూడా. ఇంతకంటే అందరికీ సమానమైన ఉద్యోగం ఇంకేముంటుంది!

ఫిబ్రవరి 3

మానేద్దామా అనుకున్నాను. మానేస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే మానలేదు.

ఫిబ్రవరి 14

ఓబులమ్మ మళ్ళీ వచ్చింది. తల్లి పోయిందట, దినాలు చూసుకుని వస్తోంది. అదే బస్సులో ముందు సీటులో రామసుబ్బమ్మగారు. ఆమెను దూరంనుంచి చూశాను. మనిషి బాగా లావెక్కారు.

తర్వాత ఓబులమ్మ లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు. నేను చెప్పకముందే గోడవైపు తిరిగి చీర కుచ్చెళ్ళు తీయబోయింది. తల్లిని పాతిపెట్టి వచ్చిన మనిషి. నా చేతులు లేవలేదు.

"వొద్దులే ఓబులమ్మా, కట్టుకో. పో" అన్నాను.

అది పోయింది. నేను తెర తీసి బయటికి వచ్చి, "అంతా చూశాను, ఏమీ లేదు" అని చెప్పాను. సర్కారుకు నేను చెప్పిన మొదటి అబద్ధం. కానీ ఎంత హాయిగా ఉందో! ఓబులమ్మను క్షమించినంత హాయిగా ఉంది.

రాసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. నేను దాన్ని క్షమించడమేమిటి?

ఫిబ్రవరి 16

కొంప మునిగింది.

నిన్నటి బస్సు కాదు, మొన్నటిదే. దువ్వూరు దగ్గర చక్రం పంక్చరైతే అందరినీ దింపారట. ముందు సీటు కింద సైకిలు ట్యూబు ఉంది, నిండా సారాయి. ముందు సీటులో కూర్చున్నది ఎవరో బస్సులో అందరికీ తెలుసు. డ్రైవరుకు తెలుసు, తిమ్మయ్యకు తెలుసు. చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు. నేరం ఓబులమ్మ మీద పెట్టారు. అది కూర్చున్నది వెనక, అదీ సీటు మీద కాదు, కింద మూటల పక్కన. ట్యూబుకు కాళ్ళొచ్చి ముందుకు నడిచిపోయిందని అనుకోవాలి కాబోలు.

వెంకోబరావుగారు నన్ను పిలిచి, "ఆ పిల్లను నిజంగా సోదా చేసినావా?" అన్నారు. నేను బదులు చెప్పలేదు. అంతే, ఆయనకు అంతా తేటతెల్లమైపోయింది. పాలెం ఆడవాళ్ళు సారాయి తెస్తారు, నేను వదిలేస్తాను, నా వాటా నా ఒంటి మీద దాచుకుని సాయంత్రం ఇంటికి పోతాను.

"మీ ఇద్దరిలో ఒకరు దొంగ. లేకుంటే ఇద్దరూ" అన్నారు.

"దొరా, ముందు సీటు..." అని ఒక మాట అన్నాను.

"అధ్యక్షులవారి ఇంటి పేరు నీ నోట వచ్చిందంటే జాగ్రత్త" అన్నారు. నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఆయనే చెప్పారు.

నన్ను సోదా చెయ్యాలట. అంతా.

ఫిబ్రవరి 17

నన్ను సోదా చెయ్యడానికి ఆడమనిషి కావాలి. మర్యాదకు భంగం కలగకూడదు కదా. తిమ్మయ్య ఊరంతా తిరిగాడు. కరణంగారి భార్య మళ్ళీ తలుపేసుకుంది. హెడ్మాస్టరు భార్య, నేనేంది దాన్ని ముట్టుకునేదేంది అన్నదట. బోయవాళ్ళలో లక్ష్మక్క అని ఒకామె ఒప్పుకోబోయిందట గానీ ఆమె అత్త చీపురు తిరగేసింది. మా పాలెంలో ఎవరినీ అడగడానికి లేదు, మేమంతా ఒకటే ముఠా అట.

జిల్లా మొత్తం మీద సోదాకు లొంగని ఒకే ఒక్క ఆడది నేను! రామసుబ్బమ్మగారికి కూడా ఈ భాగ్యం సగమే దక్కింది, ఆమెను కనీసం చూపుతోనైనా చూశాం. ఇంటికొచ్చి తలుపేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నవ్వీ నవ్వీ ఎప్పుడు ఏడుపైందో తెలియలేదు.

ఆడవాళ్ళను పొద్దుగూకాక ఠాణాలో ఉంచకూడదని ఇంటికి పంపారు. పంపుతూ, "ఒంటి మీద దాచింది తీసేయకుండా రేపు ఇదే చీరతో రా" అని ఎస్సైగారు గట్టిగా చెప్పారు.

ఫిబ్రవరి 20

అదే చీర. పొద్దున పోయి నాపబండల గదిలో కూర్చోవడం, సాయంత్రం రావడం. బస్సులు రావడం మాత్రం ఆగలేదు. సోదా చేసేది నేను, సోదాలో ఉన్నదీ నేనే గనక ఆడవాళ్ళంతా దర్జాగా పోతున్నారు. సైకిలు లేని ఊళ్ళకు ఎన్ని ట్యూబులు దాటాయో.

వెంకోబరావుగారు పైవాళ్ళకు రాసి అడిగారట. సదరు స్త్రీ తన్ను తానే సోదా చేసుకుని, చేసుకొంటినని సంతకం పెట్టవచ్చునా అని. జవాబు వచ్చింది. కూడదు. సోదా చేయునది, చేయబడునది వేరు వేరు వ్యక్తులై ఉండవలెను. చదువుకున్నవాళ్ళు ఎంత దూరం ఆలోచిస్తారో!

ఫిబ్రవరి 23

మనిషి దొరికిందట. ఓబులమ్మ.

ఇంకెవరూ ఒప్పుకోకపోయేసరికి ముఠా అన్న మాట మరిచిపోయారు. అది నన్ను అంతా చూస్తే దాని పేరు కేసులోంచి కొట్టేస్తామన్నారు. లేదంటే దాన్ని కోర్టుకు పంపుతారు. రేపు పొద్దున రమ్మన్నారు.

భయంగా ఉంది. నవ్వు, వెటకారం ఏమీ రావడం లేదు. నా ఒంటిని ఏసన్న తప్ప ఎవరూ చూడలేదు, ఆయన కూడా దీపం ఆర్పాకే. రేపు అది చూస్తుంది. చూసి బయట ఏం చెబుతుందో. ఏం పట్టుకుని బయట చూపిస్తుందో. అందరితోనూ సిగ్గెందుకమ్మా అన్నాను. నాకు ఒళ్ళంతా సిగ్గే. చచ్చిపోతే బాగుండుననిపిస్తోంది.

కానీ ఇంకో మూల ఒక ఆశ కూడా ఉంది. అది చెయ్యాల్సిందంతా చెయ్యనీ. నేను చేసిందంతా నాకు చెయ్యనీ. అప్పుడు చెల్లుకు చెల్లు. దేవుడు కూడా ఓబులమ్మనే పంపాడంటే అందుకే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 24

జరిగింది ఇదీ.

తెర పక్కకు తీసి ఓబులమ్మ వచ్చింది. బయట ఎస్సైగారు, తిమ్మయ్య, ఎందుకైనా మంచిదని దావీదురాజు అయ్యగారు. నేను లేచి నిలబడి కొంగు నేనే తీసేశాను.

"రా ఓబులమ్మా. ఇంకెవరో కాకుండా నువ్వు రావడం మేలు. నేను చేసినట్టే చెయ్యి" అన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసి, తెర దగ్గర బండ మీద కూర్చుంది. "కట్టుకో అక్కా" అన్నది.

"చూడవా?"

"సూడను."

"కేసు నీ మీదికి వస్తుందే."

"సూసినానని చెప్తాలే. ఆ మాత్రం అబద్దం నాకు రాదా?"

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. మోకాళ్ళ మీద పడ్డాను. "నన్ను క్షమించినావా తల్లీ" అని దాని చెయ్యి పట్టుకోబోయాను. అది చెయ్యి వెనక్కి లాక్కుంది. నిప్పు తగిలినట్టు లాక్కుంది.

"క్షమించేదేంది?" అన్నది. గొంతు పెంచలేదు, బయటికి వినపడకూడదని. "నేను నిన్ను సూస్తే నీకు లెక్క సరిపాయ. ఇంటికి పోయి సంగటి తిని నిమ్మళంగా పండుకుంటావు. ఆ పొద్దు నా గుడ్డ మొగోళ్ల ముందర ఆడిస్తివి. ఈ పొద్దు నీది నేను ఆడిస్తే నాది లోపలికొస్తాదా? రాదు గదా. నేను నిన్ను ముట్టుకోనక్కా. అట్లే ఉండు నువ్వు."

నేను చీర కట్టుకున్నాను. అది కదల్లేదు.

"ఇంగ బయటికి పోదామా?" అన్నాను.

"ఉండు. ఇంత బిన్నా పోతే నమ్ముతారా? నన్ను సూసేకి నీకు శానాసేపు పట్టె గదా."

అందుకని కూర్చున్నాం. అది అటు, నేను ఇటు. బయట ఎస్సైగారు దగ్గారు. అయ్యగారు మెల్లగా ఏదో ప్రార్థన చేస్తున్నారు. దాని తల్లి ఎట్లా పోయిందని అడుగుదామనుకున్నాను, నోరు రాలేదు. కాసేపటికి ఓబులమ్మ, "కొంచెం ఏడువక్కా, వాళ్లకు ఇనపడాల" అన్నది.

ఏడ్చాను. ఏడవడానికి మాత్రం నాకు ఓబులమ్మ సాయం అక్కరలేకపోయింది.

తర్వాత అది లేచి తెర తీసి బయటికి పోయి, "అంతా సూస్తి దొరా. ఏమీ ల్యా. శుద్ధంగా ఉండాది" అని చెప్పింది.

ఫిబ్రవరి 25

వెంకోబరావుగారు కాగితం రాసిచ్చారు. సదరు కృపమణిని తగిన స్త్రీ చేత, మర్యాదకు ఏమాత్రం భంగం కలగకుండా, పూర్తిగా సోదా చేయించితిననీ, నిర్దోషి అని తేలెననీ అందులో ఉంది. ఆ గదిలో ఇన్నాళ్ళలో మర్యాదగా జరిగిన సోదా అదొక్కటే. జరగలేదు గనక.

ఓబులమ్మ పేరు కొట్టేశారు. ట్యూబు ఎవరిదో తేలలేదని రాసి దస్త్రం మూసేశారు.

"సోమవారంనుంచి మళ్ళీ రామ్మా. ఇప్పుడు నీ మీద ఎవరికీ అనుమానం లేదు" అన్నారు ఎస్సైగారు. రాను దొరా అన్నాను. ఎందుకన్నారు. బడిలో పిల్లలు ఎదురుచూస్తుంటారన్నాను. "అంత శుద్ధమని తేలినాక మానేదేముంది?" అని ఆశ్చర్యపోయారు. నన్నెవరూ చూడలేదు దొరా, నన్నెవరూ తాకలేదు అని గొంతుదాకా వచ్చింది. అంటే ఓబులమ్మ కోర్టుకు పోతుంది. మింగేశాను.

ఫిబ్రవరి 26, ఆదివారం

నేను వద్దన్నా అయ్యగారు వినలేదు. సంఘమంతటి ముందు నన్ను నిలబెట్టి, ఎస్సైగారి కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. మన సహోదరి మీద నింద పడింది, దేవుడు ఆమెను అగ్నిలో వేసి పుటం పెట్టి శుద్ధురాలని రుజువు చేశాడు, ఆమెను పరిశోధించిన మరో సహోదరి కూడా మన మధ్యనే ఉంది అన్నారు. అందరూ వెనక్కి తిరిగి ఓబులమ్మను చూశారు. విశ్వాసమ్మ వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. గిడ్డమ్మ నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించింది, విడిపించుకోలేదు.

"ఈ మాట సత్యమని నమ్మేవాళ్ళంతా ఆమేన్ అనండి" అన్నారు అయ్యగారు.

సంఘమంతా అన్నది. అందరికంటే గట్టిగా ఓబులమ్మ అన్నది.